కోను పట్టిన చెయ్యి

సాయంత్రమైతే చాలు, నా కాళ్ళు ఒకచోట నిలవవు. హాల్లోంచి వంటింట్లోకి, అక్కణ్ణుంచి బాల్కనీలోకి, బాల్కనీలోంచి మళ్ళీ ఫ్రిజ్ దగ్గరికి. తలుపు తీస్తాను, చూస్తాను, మూస్తాను. లోపల కీరదోసకాయలు, తరిగిన క్యారెట్లు, ఉడకబెట్టిన గింజలు తప్ప ఇంకేమీ ఉండవని నాకు బాగా తెలుసు. వాటిని పెట్టిందే నేను. అయినా ఈ కాస్సేపట్లో ఎవరో పుణ్యాత్ములు వచ్చి ఒక క్రీం బిస్కెట్ల ప్యాకెట్టు పెట్టి వెళ్ళి ఉంటారేమోనని ఆశ.

"ఏమోయ్, మా ఆఫీసు లిఫ్టు తలుపులు కూడా ఇన్నిసార్లు తెరుచుకోవు," అంటారు మా ఆయన సోఫాలోంచి. ఆయన లిఫ్టు మెకానిక్. లోకంలో ఏది చూసినా ఆయనకి లిఫ్టే గుర్తొస్తుంది.

"తెరిస్తే మీ సొమ్మేం పోయింది?"

"నా సొమ్మేం పోలేదు. అందులో చల్లదనం పోతోంది."

నాకు ఒళ్ళు మండుకొస్తుంది. తీపి మానేసినప్పటి నుంచీ నాకు ఒళ్ళు మండటానికి పెద్ద కారణం అక్కర్లేదు, చెంచా కిందపడినా చాలు. పక్కింటివాళ్ళు చిప్స్ ప్యాకెట్టు చింపితే గోడలోంచి నాకు వినిపిస్తుంది. చేత్తో చింపారా, కత్తెరతో కత్తిరించారా, లోపలివి కారంవా ఉప్పువా అని కూడా చెప్పగలను. ఒకరోజు ఆ చప్పుడు విని లేచి, వాళ్ళ తలుపు కొట్టబోయాను. తలుపు తీస్తే ఏమని అడగాలో మాత్రం ఆలోచించుకోలేదు. చెయ్యి ఎత్తినదాన్ని సిగ్గేసి దించేసి, మెట్లు దిగి, వీధి చివరిదాకా విసవిసా నడిచి వెనక్కొచ్చాను.

నేనొక బేకరీలో కేకుల మీద పేర్లు రాస్తాను. అదేం పెద్ద పని అనుకునేవాళ్ళు ఒకసారి క్రీము కోను చేత్తో పట్టుకుని, "శుభాకాంక్షలు" అన్న ఒక్క మాట వంకరపోకుండా రాసి చూపించమనండి. ఎవరికి పుట్టినరోజో, ఎవరు రిటైరవుతున్నారో, ఎవరు ఎవరికి సారీ చెప్పుకుంటున్నారో అందరికంటే ముందు నాకే తెలుస్తుంది. ఒకాయన "నన్ను క్షమించు" అని రాయించుకెళ్ళి, వారం తిరక్కుండా మళ్ళీ వచ్చి "మళ్ళీ క్షమించు" అని రాయించుకున్నాడు. పాపం, ఆ రెండో కేకు మీద పూలు కాస్త ఎక్కువే వేశాను.

ఇలా హాయిగా సాగిపోతుండగా కుడికంట్లో శుక్లం వచ్చింది. మొదట లైట్ల చుట్టూ పొగ పట్టినట్టు ఉండేది. తర్వాత్తర్వాత నేను గీసిన గీత నాకే రెండుగా కనిపించడం మొదలైంది. కంటి డాక్టరు చూసి, "ఆపరేషను చిన్నదేనమ్మా. చేస్తే చూపు వచ్చేస్తుంది. కానీ మీకు షుగరు బాగా ఎక్కువుంది. ఇంత పెట్టుకుని నేను చెయ్యను, తగ్గించుకుని రండి," అన్నాడు. నాకు షుగరుందన్న సంగతి నాకు తెలిసిందే ఆ రోజు.

మా బేకరీ ఓనరు ఆడమనిషే. మేడం అంటాం. నన్ను ఏనాడూ ఒక మాట అన్న మనిషి కాదు. ఒకరోజు నేను రాసిన పేరు కేకు అంచు దాటి పక్కకి జారిపోతే, ఆ కేకు వైపు చూసింది, మూలనున్న అట్టపెట్టెలు మడిచే బల్ల వైపు చూసింది, వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. నా కన్ను బాగుపడకపోతే ఇక నా చోటు ఆ బల్ల దగ్గరే. పెట్టెలు మడవడం తప్పుడు పనేం కాదు. కానీ నాకు బాగా వచ్చిన పని ఇదొక్కటే, దాన్ని వదులుకోవడం నాకిష్టం లేదు.

అందుకని మానేశాను. టీలో పంచదార, బిస్కెట్లు, చాక్లెట్లు, కూల్‌డ్రింకులు, చిప్స్, సాయంత్రం ఇంటికొస్తూ వీధి మలుపులో తినే వేయించిన సరుకు, అన్నీ ఒక్కసారే. "బేకరీలో పని చేస్తూ ఎలా మానేశావు తల్లీ" అని అందరూ ముక్కు మీద వేలేసుకున్నారు. వాళ్ళకేం తెలుసు. బేకరీలో ఉన్నంతసేపూ నాకే బాధా లేదు. అక్కడ క్రీము నా పనిముట్టు. గోడలకి రంగు వేసేవాడు రంగు తాగడు కదా అని నేనే అందరికీ గొప్పగా చెప్పేదాన్ని. ఇంటికొచ్చి చేతులు ఖాళీ అయ్యాకే నా ప్రాణం మీదికొచ్చేది.

సలహాలకి లోటు లేదు. కోరిక పుట్టగానే గ్లాసుడు నీళ్ళు తాగమన్నారు, తాగాను. పళ్ళు తోముకోమన్నారు, తోముకున్నాను. లవంగం బుగ్గన పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాను. మెట్లు ఎక్కి దిగమన్నారు. మా ఇంటి మెట్ల మీద నేను తిరిగిన తిరుగుడు చూసి కిందింటావిడ "ఏమైనా పోయిందా అండీ, వెతుకుతున్నారు?" అని అడిగింది. అలమారలు సర్దాను, గిన్నెలు తోమాను, తోమినవే మళ్ళీ తోమాను. ఆహారం గురించి చెప్పే ఆస్పత్రి అమ్మాయి మాత్రం, "కొన్నాళ్ళు ఓపిక పట్టండి ఆంటీ, నాలుక మర్చిపోతుంది. అప్పుడు క్యారెట్టు కూడా తియ్యగా అనిపిస్తుంది," అంది. నెలలు గడిచాయి. నా క్యారెట్టు క్యారెట్టులాగే ఉంది. పైగా మొదటిరోజు ఎంత యావ ఉందో, ఇప్పుడూ అంతే ఉంది. అందరికీ చల్లారే కోరిక నాకొక్కదానికే ఎందుకు చల్లారదో అర్థంకాక నామీద నాకే విసుగు పుట్టేది.

ఇందులో మా ఆయన తప్పేం లేదు, కానీ ఆయనా ఇరుక్కున్నారు. "నువ్వు తినకపోతే నేను మాత్రం ఎలా తింటానోయ్," అని ఆయన కూడా అన్నీ మానేశారు. ఆయన చిప్స్ మనిషి. ఆయన పనిచేసే భవనంలో అంతస్తుకొకటి తినుబండారాల మిషనుంది, బటన్ నొక్కితే ప్యాకెట్టు రాలి పడుతుంది. లిఫ్టు బాగుచేస్తూ వాటికి వీపు పెట్టి కూర్చుంటారట. ఒక ఆదివారం మధ్యాహ్నం కునుకు తీస్తూ దవడలు ఆడిస్తుంటే చూశాను. కలలో ఏదో నములుతున్నారు. లేపబుద్ధి కాలేదు. కలలోనైనా తిననీ అనుకున్నాను.

ఇంత చేశాక రెండోసారి పరీక్ష చేయించాం. గడిచిన కొన్ని నెలల సగటు చెప్పే రక్తపరీక్ష అది. ఒక్కరోజు కడుపు మాడ్చుకుని దాన్ని మోసం చెయ్యడం కుదరదు. నాకు మోసం చెయ్యాల్సిన అవసరమూ లేదు కాబట్టి దర్జాగా వెళ్ళాను.

డాక్టరు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "తగ్గలేదమ్మా. కాస్త పెరిగింది కూడా."

"పెరగడమేంటి?"

"అది మీరే చెప్పాలి. ఏం తింటున్నారు?"

నేను తినేవన్నీ వరసగా చెప్పాను. కీరదోసకాయ దగ్గరికొచ్చేసరికే ఆయన చేత్తో ఆపేశాడు. "చూడండమ్మా, నా దగ్గర దాచితే నాకేం నష్టం లేదు. నష్టం మీ కంటికే."

"నేనేం దాచలేదు."

"అందరూ ఇదే మాట అంటారు."

నా నోట్లోంచి ఏం వచ్చుండేదో నాకే తెలీదు, ఈలోగా మా ఆయన కుర్చీలోంచి లేచారు. నోట్లో నాలుక లేని మనిషని ఆయనకి పేరు. "డాక్టరుగారూ, మా ఆవిడకి కోపం ఉంది, నోటి దురుసు ఉంది, అవన్నీ నేనొప్పుకుంటాను. కానీ అబద్ధం లేదు. మీ ల్యాబులో మిషనుకే ఏదో రోగం. దాన్ని చూపించుకోండి ముందు," అని నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశారు. అంత మాట అన్నాక కింద రోడ్డు మీదికొచ్చి చూస్తే ఆయన చేతులు వణుకుతున్నాయి.

ఇంట్లో మా అమ్మాయి ఇంకో డాక్టరు. దాని ఉద్యోగం ఫోన్లో జనాన్ని ప్రశ్నలడగడం. ఇన్సూరెన్సు డబ్బు అడిగేవాళ్ళు నిజం చెప్తున్నారా లేదా అని తేలుస్తుంది. ఆ గొంతు ఇంటికి తేవద్దని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

"అమ్మా, నేను కోప్పడను. ఎక్కడ దాస్తున్నావో చెప్పు చాలు."

"ఏంటి దాచేది?"

"బేకరీలో ముక్కలు మిగులుతాయి కదా. ఎప్పుడైనా ఒకటి నోట్లో వేసుకుని ఉంటావు. మనుషులం కదమ్మా, తప్పులేదు."

ఆ "తప్పులేదు" దగ్గర నా తల తిరిగిపోయింది. చేతిలో ఉన్న క్యారెట్టు గిన్నె బల్ల మీద ఎత్తి పడేశాను. "నీ పెళ్ళిలో కూడా ముక్క కేకు ముట్టని అమ్మని అనుమానిస్తావా, ఇంక చాలు," అని ఏదేదో అన్నాను. దానికి పెళ్ళి సంబంధమే ఇంకా చూడలేదు. కోపంలో లెక్క ఉండదు.

మా ఆయన మధ్యలోకొచ్చారు. "మీ అమ్మ తినలేదంటే తినలేదు. నమ్మకం లేకపోతే నాతో మాట్లాడకు."

"సరే, మాట్లాడను," అంది అది. ఇద్దరిదీ ఒకటే పట్టుదల. ఆ రోజు నుంచి ఒకే బల్ల దగ్గర కూర్చుని "అమ్మా, నాన్నని ఉప్పు ఇమ్మను", "ఏమోయ్, నీ కూతుర్ని ఫ్యాను తగ్గించమను" అని నాతో కబుర్లు పంపుకునేవాళ్ళు. వాళ్ళిద్దరూ సాయంత్రాలు పేకాడుకునేవాళ్ళు, అదీ ఆగిపోయింది. ఇంత జరిగాక మా ఆయన ఊరికి ఇంకో చివరున్న పెద్ద ల్యాబు ఒకటి వెతికి, శుక్రవారం మధ్యాహ్నానికి నా పేరు రాయించి, తను సెలవు పెట్టుకుని వచ్చారు. "అక్కడ తేలిపోతుంది. ఆ కాగితం తెచ్చి ఇద్దరి మొహాన కొడతాను," అన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు డాక్టరు, ఒకరు కన్నకూతురు.

ఆ వారమంతా నేను పడ్డ యాతన ఇంతా అంతా కాదు. బస్సు దిగగానే ఒక కొట్టుంది. గుమ్మం నిండా చిప్స్ దండలు వేలాడుతుంటాయి. తినకపోయినా తిన్నావనే అంటున్నారు, అలాంటప్పుడు తినేసి ఆ మాట పడితే కడుపైనా నిండుతుంది కదా అనిపించింది. ఒకరోజు ఆగి, ఒక ప్యాకెట్టు దండలోంచి తెంపాను కూడా. గాలి నిండి బిగుసుకుని ఉంది. వేళ్ళతో నొక్కితే లోపల గలగలమన్నాయి. కొట్టతను "ఇంకేం కావాలమ్మా" అన్నాడు. నాకు మా ఆయన వణికిన చేతులు గుర్తొచ్చాయి. ఇది చింపానంటే ఆ మనిషి అన్న మాట అబద్ధమైపోతుంది. ప్యాకెట్టు పక్కన పెట్టి, "పిన్నీసులున్నాయా?" అన్నాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మా ఇంట్లో ఇప్పుడు ఒక దర్జీ కొట్టుకి సరిపడా పిన్నీసులున్నాయి.

శుక్రవారం వచ్చింది. ఎవరో కస్టమరు వంటగది అద్దంలోంచి తొంగిచూసి, పనివాళ్ళ మూతులకి అడ్డేమీ లేదేంటని అడిగిందట. మేడం పొద్దున్నే అందరికీ తెల్ల గుడ్డ మాస్కులు పంచి, "ఇకనుంచి ఇవి లేకుండా లోపలికి రావద్దు," అంది. ఆ రోజే ఒక బడివాళ్ళు పెద్ద ఆర్డరు ఇచ్చారు. చిన్నచిన్న కేకులు, ఒక్కో పిల్లకి ఒక్కోటి, ఒక్కో దాని మీద ఒక్కో పేరు, ఒక్కో వరసకి ఒక్కో రంగు. మామూలుగా మా దగ్గర రాతంతా చాక్లెట్ రంగే. ఆ రోజు మాత్రం నీలం, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, వంగపండు, నా బల్ల మీద లేని రంగు లేదు.

నేను వంచిన తల ఎత్తలేదు. కోను నింపడం, ధార సరిచూసుకోవడం, పేరు రాయడం, మళ్ళీ నింపడం. మధ్యాహ్నం ల్యాబులో ఏం జరుగుతుందోనని ఒకపక్క ఆలోచన. ఇంకోపక్క పొయ్యి వేడి. మూతి దగ్గర తడితడిగా, జిగటగా ఉంటే చెమట అనుకున్నాను. ఆఖరి పేరు రాసి, నడుం నిలబెట్టి, మాస్కు విప్పి బల్ల మీద పడేశాను.

తెల్ల గుడ్డ మధ్యలో, సరిగ్గా నోరు వచ్చేచోట, అరచేయంత మేర రంగులు. ఒకదాని మీద ఒకటి, మందంగా పేరుకుపోయి, అక్కడక్కడా ఎండి పెచ్చు కట్టి ఉన్నాయి.

నాకు వెంటనే కోపం వచ్చింది. కొత్త మాస్కు పాడుచేశారని. పొయ్యి దగ్గర పనిచేసే అతన్ని మేము పొగగొట్టం అంటాం, నిమిషానికోసారి పొడుగాటి నిట్టూర్పు వదులుతాడు కాబట్టి. వేళాకోళాలన్నీ అతనివే.

"ఏం తమ్ముడూ, ఒంట్లో ఎలా ఉంది? నా మాస్కుకి రంగులు పూస్తావా?"

అతను తొంగిచూశాడు. "నేనెప్పుడు పూశానక్కా?"

"మరి దయ్యం పూసిందా?"

"అక్కా," అన్నాడతను నిదానంగా, "పొద్దున్నుంచీ అది నీ మూతి మీదే ఉంది కదా. నీ మొహం మీదికొచ్చి ఎవరు పూస్తారు?"

నా ఎడమచెయ్యి వైపు చూసుకున్నాను. చూపుడువేలి కణుపు మీద కూడా అవే రంగులు.

మా పనిలో ఒక పద్ధతుంది. పంచదార పొడిలో ఒక్క పలుకు కరక్కుండా మిగిలినా, కోను మూతిలో ఇరుక్కుని అక్షరం మధ్యలో ధార తెగిపోతుంది. అందుకని కోను నింపగానే ఒక చుక్క వేలి కణుపు మీద వేసుకుని నాలుకతో అద్ది చూస్తాం. పలుకు కంటికి దొరక్కపోయినా నాలుకకి దొరుకుతుంది. నాకు పని నేర్పిన ముసలావిడ అలాగే చేసేది, నేనూ అలాగే నేర్చుకున్నాను. దాన్ని తినడమని మేమెవరం ఏనాడూ అనుకోలేదు. వడ్రంగి చెక్క మీద చెయ్యి రాసి చూసినట్టు, అదీ పనే. కన్ను బాగున్న రోజుల్లో పూటకి ఏ రెండు మూడుసార్లో నాలుకదాకా వెళ్ళేది, మిగతాది చూపుతోనే తేలిపోయేది. కన్ను మసకబారేకొద్దీ నాలుకకి పని పెరిగింది. పేరుకోసారి. ఒక్కోసారి అక్షరానికోసారి. చూపు లేక నాకేదాన్ని, నాకినందుకు షుగరు తగ్గలేదు, షుగరు తగ్గలేదని కంటికి ఆపరేషను చెయ్యలేదు. సాయంత్రాలు నా ప్రాణం ఎందుకలా కొట్టుకునేదో కూడా అప్పుడే తెలిసింది. రోజంతా అలవాటు పడ్డ నోరు, ఇంటికి రాగానే ఏదీ నా చుక్క అని అడిగేది.

ఏడుపు రాలేదు. పెట్టెలు మడిచే బల్ల దగ్గర కూలబడ్డాను. డాక్టరు మాట నిజం. అమ్మాయి మాట నిజం. లోకంలో ఒక్క మనిషి మాత్రమే నా పక్కన నిలబడ్డాడు, ఆయన మాటే తప్పయింది. ఆ మనిషి ఇంకాస్సేపట్లో స్కూటరు మీద వస్తారు.

వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, యుద్ధానికి పోతున్నట్టు మొహం పెట్టారు. "ఎక్కు, ఎక్కు. ఆలస్యమైతే వాళ్ళు ఇంకో సాకు చెప్తారు."

"ల్యాబుకి వద్దండీ."

"ఎందుకొద్దు? భయమా? నువ్వెందుకు భయపడాలి?"

మాస్కు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏంటిది, చేతులు తుడుచుకున్నావా?"

"అది నా మాస్కు. ఆ రంగులున్న చోట నా నోరుంది." తర్వాత అంతా చెప్పాను, చుక్క సంగతీ, పలుకు సంగతీ, కంటి సంగతీ. చెప్తున్నంతసేపూ ఆయన ఆ గుడ్డనే చూస్తున్నారు.

"రోజూ ఇలాగేనా?"

"రోజూ ఇలాగే అయ్యుంటుంది. మాస్కు లేదు కాబట్టి అంతా లోపలికే పోయేది."

"నీకు తెలీదూ?"

"తెలీదు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "తెలీదంటే నమ్ముతారా?"

ఆయన స్కూటరు ఆపి, స్టాండు వేసి, దాని మీదే పక్కకి తిరిగి కూర్చున్నారు. బస్సులు పోతున్నాయి, జనం పోతున్నారు. నేను కొంగు అంచు నలుపుతూ నిలబడ్డాను.

"పైకెళ్ళే బటన్ నొక్కితే లిఫ్టు కిందికి పోయిందనుకో," అన్నారు చివరికి. "లిఫ్టు అబద్ధం చెప్పినట్టు కాదు కదా. లోపలెక్కడో పాత వైరింగు అలా ఉంటుంది. విప్పి చూస్తే కానీ తెలీదు."

అప్పుడొచ్చింది ఏడుపు. నడిరోడ్డు మీద, బేకరీ టోపీ పెట్టుకుని, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఆయన మాస్కుని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, "అదంతా సరే. పిల్లతో మాట్లాడనని అన్నాను. ఇప్పుడు దానికేం మొహం పెట్టుకుని చెప్పను?" అన్నారు. ఆయనకి నిజంగా దిగులు పట్టుకుంది.

ఇంటికెళ్ళాక నేనే చెప్పాను. మా అమ్మాయి "చూశావా, నేను చెప్పలేదూ" అనలేదు. అంటుందని నేను జవాబు కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను, అది వృథా అయింది. మాస్కు చేతిలోకి తీసుకుని, "ఇన్ని పేర్లు రాశావా అమ్మా ఒక్కరోజులో," అంది. తర్వాత పేకముక్కలు తెచ్చి వాళ్ళ నాన్న ముందు పెట్టింది. ఆయన పంచారు.

అసలు మానడమంటే ఏమిటో ఆ తర్వాత తెలిసింది. అంతకుముందు పడిందంతా ఏమీ కాదు. తలనొప్పి, చేతుల్లో వణుకు, అనవసరమైన కన్నీళ్ళు. "అభినందనలు" అని రాస్తూ ఎందుకో వెక్కివెక్కి ఏడ్చాను. మాస్కు మీద మాస్కు కట్టుకున్నాను. అయినా కోను నింపగానే వేలు పైకి లేచేది. పొగగొట్టాన్ని కాపలా పెట్టాను. నా వేలు లేస్తే చాలు, పొయ్యి దగ్గర్నుంచి "అక్కా, చెయ్యి!" అని కేకేసేవాడు. ముందు హాల్లో కేకుల కోసం నిలబడ్డవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు.

నాలుక లేని రాత చాలా కష్టం. మొదటిరోజే ఒక పెళ్ళిరోజు కేకు మీద భర్తగారి పేరు సగంలో పలుకు అడ్డుపడి, ధార ఆగి, ఒక్కసారిగా ఉండగా బయటికొచ్చి పడింది. మేడం చూసింది. మళ్ళీ ఆ బల్ల వైపు చూస్తుందని నాకు తెలుసు, అందుకే నేనే ముందు చెప్పేశాను. "నేను చుక్క నాకడం మానేశాను మేడం. పొడిని పల్చటి గుడ్డలో రెండుసార్లు జల్లించుకుంటాను. ఆలస్యమవుతుంది. కన్ను బాగయ్యేదాకా ఓర్చుకోండి. ఓర్చుకోలేకపోతే చెప్పండి." నాకు బతిమాలడం కూడా పోట్లాటలాగే వస్తుంది. ఆవిడ "పెద్దవి నువ్వు రాయి. చిన్నవి కొత్తమ్మాయికి ఇవ్వు," అంది. చిన్నవి వదులుకోవడం నాకు మనసొప్పలేదు. ఆ కొత్తమ్మాయి "ల"కి తోక పెడుతుంది. అయినా ఇచ్చాను.

కొన్ని నెలలకి మళ్ళీ రక్తం ఇచ్చాం. ఫలితం కోసం డాక్టరు గది బయట కూర్చున్నంతసేపూ నా మోకాలు ఆగకుండా ఊగుతూనే ఉంది. మా ఆయన దాని మీద చెయ్యేస్తే, రెండోది ఊగడం మొదలుపెట్టింది.

డాక్టరు కాగితం చూశాడు, మళ్ళీ చూశాడు. "బాగా తగ్గింది. ఇంకొంచెం తగ్గాలి కానీ, చేసెయ్యొచ్చు. వచ్చే నెల్లో పెట్టుకుందాం." కళ్ళజోడు తీసి నవ్వాడు. "మొత్తానికి ఈసారి నిజంగా మానేశారన్నమాట."

నేను తల దించుకుని ఊరుకున్నాను. ఊరుకోవడం న్యాయం కూడా. కానీ పక్కనున్న మనిషి ఊరుకోలేదు.

"ముందు కూడా నిజంగానే మానేసిందండీ," అన్నారు మా ఆయన. "చెయ్యి ఒక్కటే మానలేదు."

డాక్టరుకి అర్థంకాలేదు. అర్థం చేసుకునే తీరిక కూడా ఆయనకి లేదు, తేదీ రాసిచ్చి పంపించేశాడు. ఇన్నేళ్ళలో ఈ మనిషిని నేను ఎన్ని మాటలన్నానో ఆ గదిలో అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

బయట వరండా చివర తినుబండారాల మిషను ఒకటి వెలుగుతూ నిలబడి ఉంది. వచ్చేటప్పుడు కంగారులో చూసుకోలేదు. అద్దం వెనక చిప్స్, క్రీం బిస్కెట్లు, రంగురంగుల సీసాలు. షుగరు తగ్గింది, తేదీ దొరికింది, చూపు రాబోతోంది. అయినా దాన్ని చూడగానే నోట్లో నీళ్ళూరాయి, కాళ్ళు అటు లాగాయి. మా ఆయన వంక చూస్తే ఆయనా అటే చూస్తున్నారు. మెట్లు ఆ మిషనుకి అవతల ఉన్నాయి.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. బయట నలుగురిలో నా అంతట నేను అలా పట్టుకున్నది లేదు.

"ఏంటోయ్ ఇది, అందరూ చూస్తున్నారు," అన్నారు ఆయన గాభరాగా.

"చూడనివ్వండి. ఖాళీగా వదిలేస్తే ఇది ఎక్కడికి పోతుందో నాకు నమ్మకం లేదు."

ఆయన నా వేళ్ళలో వేళ్ళు బిగించారు. మిషను దాటేదాకా ఇద్దరం గబగబా నడిచాం.